ఇరవై రోజులకే నెలసరి వస్తే

‘నెలకు రెండుసార్లు వస్తోంది, డాక్టర్‌కి చూపించుకోవాలా?’ అని అడిగేవాళ్లలో కొందరికి అసలు జబ్బే ఉండదు, లెక్కే తేడా. మార్చి 3న వచ్చి మళ్లీ మార్చి 29న వస్తే క్యాలెండర్‌లో ఒకే నెలలో రెండు గుర్తులు పడతాయి. నిజానికి అది 26 రోజుల చక్రం, ఏ లోటూ లేదు. రక్తం కనపడిన మొదటి రోజు నుంచి తర్వాతి నెలసరి మొదటి రోజు దాకా లెక్కపెట్టాలి. ఆగిన రోజు నుంచి మొదలుపెడితే 26 కాస్తా 21 అయి కూర్చుంటుంది.

24 నుంచి 38 రోజుల మధ్య ఎంతైనా మామూలేనని స్త్రీవ్యాధి నిపుణుల అంతర్జాతీయ సమాఖ్య ఫిగో 2018లో చెప్పింది. అంతకన్నా తక్కువైతే ‘తరచు’ కింద లెక్క. పెద్దమనిషి అయిన తొలి రెండు మూడేళ్లు మాత్రం 21 నుంచి 45 రోజుల దాకా అటూ ఇటూ అయినా కంగారు అక్కర్లేదు.

ఇక అసలు లెక్క తీసివేతలో ఉంది. అండం విడుదలయ్యాక అండాశయంలో మిగిలిన పుటిక, అంటే అండం పెరిగిన చిన్న సంచి, కార్పస్ లూటియం అనే పసుపుపచ్చ ముద్దగా మారి ప్రొజెస్టిరాన్ అనే హార్మోన్ తయారుచేస్తుంది. దాని ఆయుష్షు ఇంచుమించు 14 రోజులు. గర్భం నిలవకపోతే అది వాడిపోతుంది, ప్రొజెస్టిరాన్ పడిపోతుంది, నెలసరి మొదలవుతుంది. ఈ రెండో భాగం మనిషి మారినా పెద్దగా మారదు. పెరిగేదీ తగ్గేదీ మొదటి భాగమే, అంటే అండం పండే కాలం. కాబట్టి మీ చక్రంలోంచి 14 తీసేయండి. 28లో తీసేస్తే 14 రోజులు, 35లో 21 రోజులు. 23 రోజుల చక్రమైతే 9 రోజులే మిగులుతాయి. నలభై దాటినవాళ్లలో ఇది బాగా కనిపిస్తుంది. అండాల నిల్వ తగ్గేకొద్దీ మెదడు కింది పిట్యూటరీ గ్రంథి, పుటికను పెంచే హార్మోన్ ఎఫ్‌ఎస్‌హెచ్ ఎక్కువగా వదులుతుంది, దాంతో పుటిక తొందరగా ఎదుగుతుంది. మరి 17 రోజులకే వస్తే? మిగిలేది 3 రోజులు. మూడు రోజుల్లో అండం పండదు. కార్పస్ లూటియం నిండా బతక్కుండానే వాడిపోయి ఉండాలి, లేదా అండం విడుదలే కాకుండా రక్తం పోతూ ఉండాలి.

అండం విడుదల కాకపోతే ప్రొజెస్టిరాన్ ఉండదు. ఈస్ట్రోజన్ అనే మరో హార్మోన్ మాత్రం గర్భసంచి లోపలి పొరను పెంచుకుంటూ పోతుంది. కట్టు లేకుండా ఎత్తుగా వేసిన గడ్డివామి ఎలా ఉంటుందో ఆ పొర అలా ఉంటుంది. ఒకేసారి కూలదు, ఇవాళ ఈ పక్క జారుతుంది, వారానికి ఆ పక్క. జారినచోట మళ్లీ కొత్త గడ్డి పడుతుంది. నాలుగు రోజులు మరకలు, రెండు రోజులు ధారగా, పది రోజులు ఏమీ లేకుండా, మళ్లీ మొదలు. ప్రొజెస్టిరాన్ ఉంటే వామి మొత్తానికి కట్టు పడుతుంది, ఆ కట్టు విప్పగానే అంతా ఒకేసారి దిగి నాలుగైదు రోజుల్లో నేల శుభ్రమవుతుంది. ఏళ్ల తరబడి కట్టు లేకుండా పెరిగిన పొరలో కణాలు దారి తప్పి క్యాన్సర్ వైపు వెళ్లే ప్రమాదం ఉంది. 45 దాటాక ఇలా జరిగితే ముందు బయాప్సీ (పొర ముక్క తీసి పరీక్షించడం) అనడం అందుకే.

ఈ సూత్రం మన ఇళ్లలో అందరూ వాడేదే. పెళ్లికో వ్రతానికో అడ్డొస్తుందని మెడికల్ షాపులో కొనే నోరెథిస్టిరాన్ 5 మిల్లీగ్రాముల మాత్ర ప్రొజెస్టిరాన్‌కు కృత్రిమ రూపమే. డేట్‌కు మూడు రోజుల ముందు నుంచి రోజుకు మూడు చొప్పున వేసుకుంటే పొర నిలబడుతుంది, ఆపిన రెండు మూడు రోజులకు జారుతుంది. ఆ ఆచారం మీద నా అభిప్రాయం అలా ఉంచి, మధ్యలో ఒక పూట మాత్ర మరిచిపోతే మరకలు పడతాయి, వాటిని కొత్త నెలసరి అనుకోకూడదు. కాళ్లలో రక్తం గడ్డకట్టిన చరిత్ర ఉన్నవాళ్లు ఈ మాత్రను డాక్టర్ని అడగకుండా ముట్టుకోకూడదు. అత్యవసర గర్భనిరోధక మాత్ర, గర్భం రాకుండా మూడు నెలలకోసారి వేసే ‘అంతర’ ఇంజెక్షన్ కూడా తేదీలను తారుమారు చేస్తాయి. అండం విడుదలయ్యేటప్పుడు ఒకటి రెండు రోజులు చుక్కలు కనపడటం మరో సంగతి, అది జబ్బు కాదు.

మిగతా కారణాలు తెలిసినవే: థైరాయిడ్, గర్భసంచిలో పాలిప్ అనే పిలక, ఫైబ్రాయిడ్ అనే గడ్డ, కాపర్-టి, కొందరు అమ్మాయిల్లో పుట్టుకతో వచ్చే రక్తం గడ్డకట్టని లోపం.

‘వేడి చేసింది, మజ్జిగ తాగు, బొప్పాయి మానేయ్’ అనే సలహాల మీదే ఆరు నెలలు గడిచిపోతాయి. మజ్జిగతో నష్టమేమీ లేదు, ఈలోగా ఇనుము ఎంత పోయిందో చూడండి. మామూలు నెలసరికి 30-40 మిల్లీలీటర్ల రక్తం పోతుంది, మిల్లీలీటరుకు దాదాపు అర మిల్లీగ్రాము ఇనుము. 28 రోజులకోసారి అయితే ఏడాదికి 13 సార్లు, 20 రోజులకోసారి అయితే 18. ఆ అదనపు ఐదింటికే 200 మిల్లీలీటర్లు, అంటే వంద మిల్లీగ్రాముల దాకా ఇనుము. 2019-21 జాతీయ కుటుంబ ఆరోగ్య సర్వే ప్రకారం మన దేశంలో 15-49 ఏళ్ల ఆడవాళ్లలో సగానికి పైగా రక్తహీనత ఉన్నవాళ్లే.

వరుసగా రెండు మూడు చక్రాలు 24 రోజులకు తక్కువైతే చూపించుకోండి. నెలసరికీ నెలసరికీ మధ్య తరచు మరకలు పడినా, కలయిక తర్వాత రక్తం కనపడినా అంతే. నెలసరి ఆగిపోయి ఏడాది దాటాక ఒక్క చుక్క కనపడినా ఆగకూడదు. గంటకో ప్యాడ్ తడిసిపోతూ రెండు గంటలు దాటినా, పది రూపాయల బిళ్లంత గడ్డలు పడుతూ కళ్లు తిరిగినా అదే రోజు ఆసుపత్రికి వెళ్లాలి. గర్భం వచ్చే అవకాశం ఉండి, పొత్తికడుపులో ఒక పక్క నొప్పితో రక్తం పోతుంటే గంటలు కూడా ఆగొద్దు. ట్యూబులో గర్భం తరచు ‘ముందే వచ్చిన నెలసరి’ వేషంలోనే వస్తుంది. అందుకే ఎవరికైనా మొదటి పరీక్ష మూత్రంతో గర్భ పరీక్ష.

వెళ్లేటప్పుడు మూడు నెలల తేదీలు, రోజుకు ఎన్ని ప్యాడ్లు, వాడుతున్న మాత్రల పేర్లు కాగితం మీద రాసుకెళ్లండి. హిమోగ్లోబిన్, ఒంట్లో ఇనుము నిల్వ చెప్పే ఫెరిటిన్, థైరాయిడ్ పనితీరు చెప్పే టీఎస్‌హెచ్, స్కానింగ్ చేయిస్తారు. బయాప్సీ అంటే భయపడతారు గానీ, సన్నటి గొట్టంతో పొర ముక్క తీయడం చాలామందికి మత్తు లేకుండానే కొద్ది నిమిషాల్లో అయిపోతుంది.

గర్భసంచి తీయించేయడం మన దగ్గర మరీ తేలికైపోయింది. 2015-16 జాతీయ కుటుంబ ఆరోగ్య సర్వేలో దేశం మొత్తం మీద 15-49 ఏళ్ల ఆడవాళ్లలో 3.2 శాతం మందికి ఆ ఆపరేషన్ అయి ఉంటే, ఆంధ్రప్రదేశ్‌లో 8.9, తెలంగాణలో 7.7. ఆపరేషన్ మాట రాగానే బయాప్సీలో ఏం తేలింది, హార్మోన్ లూప్ పెట్టి చూడొచ్చా అని అడగండి. ఆ లూప్‌లో ఉండేది కూడా ప్రొజెస్టిరాన్ జాతి మందే, గర్భసంచిలోనే కొద్దికొద్దిగా విడుదలై పొరను పలచబరుస్తుంది. మొదటి మూడు నుంచి ఆరు నెలలు దాంతోనూ అక్కడక్కడా మరకలు పడతాయి. అది ముందుగా చెప్పేవాళ్లు లేక కొందరు రెండో నెలకే తీయించేసుకుంటారు.