ఏ పోకెమాన్ పోటీకి పనికొస్తుంది? అపోహలు – వాస్తవాలు

"ఈ పోకెమాన్ పోటీల్లో పనికొస్తుందా?" అని కొత్తగా ఆడేవాళ్లు అడుగుతుంటారు. అవుననో కాదనో ఒక్క ముక్కలో చెప్పలేం. ముందు మూడు సంగతులు తేలాలి: ఏ ఫార్మాట్‌లో (ఏ నిబంధనల ఆటలో) ఆడుతున్నారు, టీమ్‌లో దానికి ఏ పని అప్పగిస్తున్నారు, అదే పనికి దాని బదులు ఇంకెవరు దొరుకుతారు. ఈ మూడూ పక్కనపెట్టి తీర్పు చెప్పేయడం వల్లే కింది అపోహలన్నీ పుట్టాయి. ఇక్కడ ఎక్కువగా మాట్లాడేది రెండు ఫార్మాట్ల గురించి. ఒకటి స్మోగన్ అనే అభిమానుల సైట్ నిబంధనలతో ఆడే సింగిల్స్ (బరిలో ఒకరికి ఒకరు): ఆరుకు ఆరు, లెవెల్ 100. రెండోది పోకెమాన్ అధికారిక పోటీ అయిన వీజీసీ డబుల్స్ (బరిలో ఇద్దరికి ఇద్దరు): ఆరింటిని చూపించి నాలుగింటినే దించుతారు, లెవెల్ 50.

అపోహ: బేస్ స్టాట్ల మొత్తం ఎంత ఎక్కువుంటే పోకెమాన్ అంత గట్టిది.

వాస్తవం: బేస్ స్టాట్లంటే ఒక్కో పోకెమాన్ జాతికి స్థిరంగా ఉండే ఆరు అంకెలు: హెచ్‌పీ (ప్రాణం), అటాక్, డిఫెన్స్, స్పెషల్ అటాక్, స్పెషల్ డిఫెన్స్, స్పీడ్. స్లేకింగ్‌కి వాటి మొత్తం 670. లెజెండరీ కయోగర్‌దీ సరిగ్గా 670 మాత్రమే. కానీ స్లేకింగ్‌కి ట్రూఅంట్ అనే ఎబిలిటీ (సహజ గుణం) ఉంది: ఒక టర్న్ కొడితే మరుసటి టర్న్ ఊరికే కూర్చుంటుంది. ఆ టర్న్‌కి దెబ్బ తగలకుండా కాపాడే ప్రొటెక్ట్ మూవ్‌ని వరసగా వాడితే విఫలమయ్యే అవకాశం ఉంది గానీ టర్న్ విడిచి టర్న్ వాడితే ఎప్పుడూ పనిచేస్తుంది. అంటే స్లేకింగ్ కొట్టే ప్రతి టర్న్‌లోనూ ఎదుటివాడు ప్రొటెక్ట్ వేసి, అది కూర్చున్న ప్రతి టర్న్‌లోనూ కొట్టుకుంటూ పోవచ్చు. రెజీగిగాస్ మొత్తం కూడా 670 అయినా, దిగాక ఐదు టర్న్‌ల పాటు దాని అటాక్, స్పీడ్ సగానికి పడి ఉంటాయి. పేరు గొప్ప, ఊరు దిబ్బ.

ఎబిలిటీ అడ్డు రాకపోయినా మూవ్‌లు లేకపోతే అంతే సంగతి. ఫ్లేరియాన్ అటాక్ 130, అంటే గార్‌చోంప్‌తో సమానం. ఐదో తరం (ఆటల ఐదో విడత) దాకా దానికున్న గట్టి ఫిజికల్ (అటాక్ స్టాట్‌తో కొట్టే) ఫైర్ మూవ్ ఫైర్ ఫ్యాంగ్, దాని పవర్ 65. ఆరో తరంలో 120 పవర్ ఉన్న ఫ్లేర్ బ్లిట్జ్ వచ్చింది. అయినా స్పీడ్ 65, డిఫెన్స్ 60 కాబట్టి, ఆ దెబ్బ వేసేదాకా అది బతికి ఉండటమే కష్టం.

మొత్తం చూసే ముందు, మీ సెట్‌లో (మీరు ఎంచుకున్న మూవ్‌లు, ఐటెమ్ వగైరా కూర్పులో) వాడని స్టాట్‌ని కొట్టేయండి. ఫిజికల్‌గా ఆడే గార్‌చోంప్ 600లో స్పెషల్ అటాక్ 80 తీసేస్తే 520 మిగులుతుంది. ఫ్లేరియాన్ 525లోంచి 95 తీసేస్తే 430. అలాగని ఈ లెక్క కూడా చివరి మాట కాదు. అమూంగస్ మొత్తం 464, స్పీడ్ 30. అయినా డబుల్స్‌లో ఏళ్ల తరబడి నిలబడింది. కారణం దాని మూవ్‌లు, ఎబిలిటీ. స్పోర్ నూటికి నూరుపాళ్లూ తగిలి నిద్రపుచ్చుతుంది. రేజ్ పౌడర్ పక్కవాడి మీదికి వచ్చే దెబ్బల్ని తనవైపు లాక్కుంటుంది. రీజెనరేటర్ వల్ల వెనక్కి పిలిచిన ప్రతిసారీ మూడో వంతు హెచ్‌పీ తిరిగొస్తుంది. ఈ మూడింట్లో దేనికీ అటాక్ స్టాట్‌తో పని లేదు.

అపోహ: ఓయూలో ఉంటే బలమైనది, యూయూలో ఉంటే బలహీనమైనది.

వాస్తవం: స్మోగన్‌లో ఓయూ (ఓవర్‌యూజ్డ్), యూయూ (అండర్‌యూజ్డ్), ఆర్‌యూ (రేర్లీ యూజ్డ్) లాంటి టైర్లు, అంటే అంచెలు, వాడకం మీద కట్టినవి. గీత 4.52 శాతం దగ్గర ఉంటుంది. అంత వాడకం ఉన్న పోకెమాన్, 15 మ్యాచ్‌లు ఆడితే ఒక్కసారైనా ఎదురయ్యే అవకాశం సరిగ్గా సగం. అంతకన్నా తక్కువ కనిపిస్తే కింది టైర్‌కి జారుతుంది. అంతేగానీ 4.4 శాతం దగ్గరున్నది 4.6 శాతం దగ్గరున్నదానికన్నా చేతకానిదని దానర్థం కాదు. ఉబర్స్ సంగతి వేరు. అది వాడకం లెక్క కాదు, ఓయూలో ఉంటే ఆట పాడవుతుందని పక్కనపెట్టినవాటి జాబితా. యూయూలోని పోకెమాన్‌ని ఓయూలో ఆడించడానికి నిబంధనలేవీ అడ్డురావు. ఒకే ఒక పనిని ఎవరికన్నా బాగా చేసే పోకెమాన్‌లు కింది టైర్లలో ఉంటూనే ఓయూ టీమ్‌లలో కనిపిస్తుంటాయి. సత్తా తెలుసుకోవాలంటే టైర్ పేరు కాదు, అనుభవమున్న ఆటగాళ్లు ఎస్, ఏ, బీ అని విడగొట్టే వయబిలిటీ ర్యాంకింగ్ చూడాలి. అందులోనూ అక్షరం పక్కన రాసిన కారణమే అసలు సరుకు.

అపోహ: బలహీనతలు తక్కువ ఉన్న టైపే డిఫెన్స్‌కి మంచిది.

వాస్తవం: ఈలెక్ట్రాస్ ఎలక్ట్రిక్ టైప్. లెవిటేట్ వల్ల గ్రౌండ్ దెబ్బ కూడా తగలదు, కాబట్టి దానికి బలహీనతే లేదు. అయినా ఓయూలో దానికి ఎన్నడూ చోటు దక్కలేదు. టైరానిటార్‌కి ఏకంగా ఏడు బలహీనతలు, అందులో ఫైటింగ్ నాలుగింతలు. అది ఎన్నో తరాల పాటు ఓయూలో స్తంభంలా నిలిచింది. బరిలోకి దిగితేనే ఇసుక తుఫాను లేస్తుంది, ఆ తుఫానులో రాక్ టైప్‌ల స్పెషల్ డిఫెన్స్ ఒకటిన్నర రెట్లవుతుంది. బలహీనతల్ని లెక్కపెట్టడం కాదు, ఆ టైప్ దెబ్బలు మీ ఫార్మాట్‌లో ఎవరెవరి చేతిలో ఉన్నాయో చూడాలి.

సింగిల్స్‌లో ఇంకో లెక్క తప్పదు, అది స్టెల్త్ రాక్: ఎదుటివైపు రాళ్లు పరిచి, దిగేవాళ్లని గాయపరిచే మూవ్. రాక్‌కి మామూలుగా ఉంటే దిగినప్పుడల్లా ఎనిమిదో వంతు హెచ్‌పీ పోతుంది, రెండింతల బలహీనత ఉంటే పావు, నాలుగింతలుంటే సగం. వోల్కరోనా రెండుసార్లు దిగితే, ఎవరూ ముట్టుకోకుండానే ప్రాణం దాదాపు పోయేది. 2019లో ఎనిమిదో తరంతో హెవీ డ్యూటీ బూట్స్ వచ్చాయి, ఆ ఒక్క ఐటెమ్‌తో ఈ బాధ తీరింది. మరి ఎదుటి టీమ్‌లో ఐటెమ్‌ని ఊడగొట్టే నాకాఫ్ మూవ్ ఉంటే? బూట్స్ ఎగిరిపోతాయి, పాత కథ మళ్లీ మొదలవుతుంది. అందుకే "వోల్కరోనా బాగుందా" అని అడిగే ముందు, ఆ మెటాలో (ఆ సమయంలో అందరూ ఆడుతున్న టీమ్‌లలో) నాకాఫ్ ఎందరి దగ్గరుందో లెక్కపెట్టాలి. గోల్డెంగో వచ్చాక ఇది ఇంకా ముదిరింది. దాని గుడ్ యాజ్ గోల్డ్ ఎబిలిటీ రాళ్లని ఊడ్చే డిఫాగ్‌ని అడ్డుకుంటుంది, ఘోస్ట్ టైప్ కాబట్టి అదే పని చేసే ర్యాపిడ్ స్పిన్ కూడా తగలదు. రాళ్లు పరిచినవాడి టీమ్‌లో గోల్డెంగో ఉంటే వాటిని ఊడ్చేవాళ్లందరి విలువ ఒక్కసారిగా పడిపోతుంది.

అపోహ: స్పీడ్ లేకపోతే దండగ.

వాస్తవం: స్పీడ్‌లో ఉంటే అంతా ఉన్నట్టు, లేకపోతే ఏమీ లేనట్టు. అటాక్ ఒక పాయింట్ తగ్గితే చాలాసార్లు ఏ తేడా రాదు. స్పీడ్ ఒక పాయింట్ తగ్గితే ముందు దెబ్బ ఎదుటివాడిది. లెవెల్ 50లో స్పీడ్‌కి 252 ఈవీలు (శిక్షణతో వచ్చే పాయింట్లు), స్పీడ్ పెంచే నేచర్ (స్వభావం) పెడితే బేస్ 100 స్పీడ్ 167 అవుతుంది. బేస్ 102 ఉన్న గార్‌చోంప్‌ది 169. పైకి చిన్నగా కనిపించే ఆ రెండు పాయింట్లతో బేస్ 100 దగ్గర గుంపుగా ఉన్నవాళ్లందరినీ అది దాటేస్తుంది. అదే నేచర్‌తో బేస్ 95 ఉన్నది ఎంత పెట్టుబడి పెట్టినా 167ని అందుకోలేదు. కాబట్టి దాని ఈవీల్లో కొన్ని హెచ్‌పీకి మళ్లించి, ఎవరిని దాటాలో వాళ్లని దాటేంత మాత్రమే స్పీడ్‌లో ఉంచాలి.

డబుల్స్‌లో మెల్లగా ఉండటమే ఆస్తి అయిన సందర్భాలున్నాయి. ట్రిక్ రూమ్ ఐదు టర్న్‌లు నడుస్తుంది. వేసిన టర్న్ పోగా నాలుగు మిగులుతాయి, వాటిలో అందరికన్నా మెల్లనివాడే ముందు కొడతాడు. టొర్కోల్ బేస్ స్పీడ్ 20. ఐవీ (ఒక్కో పోకెమాన్‌కి పుట్టుకతో వచ్చే పాయింట్లు) సున్నా, స్పీడ్ తగ్గించే నేచర్ పెడితే లెవెల్ 50లో 22కి దిగుతుంది. చాలామంది గమనించని సంగతి ఒకటుంది. రెండు వైపుల నుంచీ వాతావరణం మార్చేవాళ్లు ఒకేసారి దిగితే, స్పీడ్ ఎక్కువున్నవాడి ఎబిలిటీ ముందు పనిచేస్తుంది, మెల్లనివాడిది తర్వాత పడి నిలుస్తుంది. పెలిప్పర్ తెచ్చిన వానని టొర్కోల్ ఎండ తుడిచేస్తుంది.

అపోహ: ఇన్‌సినరోర్‌లో ఏముంది? అటాక్ 115, స్పీడ్ 60. ఊరికే పొగుడుతున్నారు.

వాస్తవం: డబుల్స్‌లో దాని విలువ అది కొట్టే దెబ్బలో లేదు, తన వైపువాళ్లు తినకుండా ఆపే దెబ్బలో ఉంది. దెబ్బ ఎంత పడుతుందో చెప్పే డ్యామేజ్ కాలిక్యులేటర్ తెరిచి చూడండి. అటాక్‌లో 252 ఈవీలు, జాలీ (స్పీడ్ పెంచే) నేచర్ ఉన్న గార్‌చోంప్ ఎర్త్‌క్వేక్ వేసింది, ఎదురుగా హెచ్‌పీలో 252 పెట్టి, డిఫెన్స్‌లో ఏమీ పెట్టని ఇన్‌సినరోర్ ఉంది. దాని హెచ్‌పీ 202. ఇద్దరికి తగిలే దెబ్బ కాబట్టి పావు వంతు తగ్గుతుంది, అయినా 138 నుంచి 164 పోతుంది. సిట్రస్ బెర్రీ (హెచ్‌పీ తిరిగిచ్చే ఐటెమ్) తిన్నా రెండో దెబ్బకి పడిపోతుంది. ఇప్పుడు దిగగానే ఎదుటివాళ్ల అటాక్ తగ్గించే దాని ఎబిలిటీ, ఇంటిమిడేట్, పడిందనుకోండి. గార్‌చోంప్ అటాక్ 182 నుంచి 121కి దిగుతుంది, దెబ్బ 92 నుంచి 110 మధ్యకి వస్తుంది. బెర్రీ తింటే రెండు దెబ్బలకీ నిలబడుతుంది.

ఇక్కడే ఒక మెలిక. సిట్రస్ బెర్రీ సగం హెచ్‌పీకి, అంటే 101కి దిగితేనే పనిచేస్తుంది. మొదటి దెబ్బ 98 లేదా తక్కువ పడితే హెచ్‌పీ 104 దగ్గరో పైనో ఆగిపోతుంది, బెర్రీ అలాగే ఉండిపోతుంది. ఆ తర్వాత పెద్ద దెబ్బ పడితే, తినకుండానే ప్రాణం పోతుంది. ప్రతి దెబ్బకీ 85 నుంచి 100 శాతం దాకా 16 విలువలుంటాయి, రెండు దెబ్బలకి 256 కలయికలు. అందులో 23 కలయికల్లో ఇలా జరుగుతుంది, సుమారు 9 శాతం. కాలిక్యులేటర్‌లో శాతం ఒక్కటే చూసి మూసేసేవాళ్లకి ఇది కనబడదు, విలువల వరస మొత్తం చదవాలి. హెచ్‌పీకి నాలుగు ఈవీలు అటూ ఇటూ చేస్తే ఈ అంకె మారిపోతుంది కూడా.

పైగా ఫేక్ అవుట్ (దిగిన టర్న్‌లో ఎదుటివాడిని కదలనివ్వని మూవ్), పార్టింగ్ షాట్ ఉన్నాయి. పార్టింగ్ షాట్ ఎదుటివాడి రెండు అటాక్‌లనూ ఒక్కో మెట్టు దించి తను వెనక్కి వచ్చేస్తుంది, మళ్లీ దిగినప్పుడు మళ్లీ ఇంటిమిడేట్. స్పీడ్ తక్కువ కాబట్టి ఎదుటివాళ్లు కొట్టాకే అది వెనక్కి వెళ్తుంది, దాని చోట వచ్చేవాడికి దెబ్బ తగలదు. అదే పోకెమాన్‌ని సింగిల్స్‌కి తీసుకెళ్లండి: ఎదురుగా ఒక్కడే కాబట్టి ఇంటిమిడేట్ సగం విలువ కోల్పోతుంది, ఫేక్ అవుట్‌తో పక్కవాడికి సాయం చేసేదేమీ ఉండదు, స్టెల్త్ రాక్‌కి పావు హెచ్‌పీ పోతుంది. ఒక ఫార్మాట్‌లోని పేరు ఇంకో ఫార్మాట్‌కి మోసుకెళ్లకూడదు అనేది అందుకే.

అపోహ: పాచిరిసుతో ప్రపంచ ఛాంపియన్ అయ్యారు, కాబట్టి ప్రేమగా పెంచితే ఏదైనా గెలుస్తుంది.

వాస్తవం: 2014లో వాషింగ్టన్‌లో దక్షిణ కొరియా ఆటగాడు సెజున్ పార్క్ పాచిరిసుతో టైటిల్ గెలిచిన మాట నిజం. దాని మొత్తం 405. కానీ ఆ సెట్ చదివితే ప్రేమకన్నా లెక్కే ఎక్కువ కనిపిస్తుంది. ఫాలో మీ దెబ్బల్ని తనవైపు లాగుతుంది, రేజ్ పౌడర్‌లా గ్రాస్ టైప్‌ల మీద విఫలం కాదు. వోల్ట్ అబ్జార్బ్ ఉన్నందువల్ల పక్కనున్న గ్యారడాస్ మీదికి వచ్చే ఎలక్ట్రిక్ దెబ్బ దీని హెచ్‌పీగా మారుతుంది. నజిల్ తగిలితే పక్షవాతం ఖాయం, సూపర్ ఫ్యాంగ్ ఎదుటివాడి మిగిలిన హెచ్‌పీని సగానికి కోస్తుంది. పాచిరిసు అటాక్ 45 అయినా ఈ పనులకు అడ్డం కాదు. ఆ ఏడు కలోస్ పోకెడెక్స్‌లోవే చెల్లేవి కాబట్టి ఈ పనికి పోటీదారులూ తక్కువ. అదే పాచిరిసుని వేరే ఏడాది, వేరే టీమ్‌లో పెడితే అదే ఫలితం రాదు.

అపోహ: ఎవరూ ఊహించని సెట్ వేస్తే చాలు, గెలుపు మనదే.

వాస్తవం: స్కార్లెట్, వయొలెట్ కాలంలో పెద్ద వీజీసీ పోటీల్లో టీమ్ పత్రాలు ముందే మార్చుకుంటారు. మూవ్‌లు, ఐటెమ్, ఎబిలిటీ, టెరా టైప్ (మ్యాచ్ మధ్యలో మారగల టైప్) అన్నీ ఎదుటివాడికి కనిపిస్తాయి, ఈవీలు, నేచర్ తప్ప. పైగా మూడు ఆటల్లో రెండు గెలవాలి. తెలిశాక కూడా పనిచేసే సెట్టే సెట్. ఆన్‌లైన్ లాడర్‌లో (ర్యాంకింగ్ మ్యాచ్‌ల్లో) పత్రం చూపించని చోట ఒక్క మ్యాచ్ కొట్టొచ్చు గానీ, అది పోకెమాన్ సత్తాకి కొలమానం కాదు.

అపోహ: పది మ్యాచ్‌లు ఆడితే తెలిసిపోతుంది.

వాస్తవం: నాణెం పదిసార్లు ఎగరేస్తే ఏడు లేదా ఎక్కువసార్లు బొమ్మ పడే అవకాశం 17 శాతం. అంటే పదిలో ఏడు గెలిచినంత మాత్రాన ఏమీ రుజువు కాలేదు. కనీసం 30 మ్యాచ్‌లు ఆడండి, మిగతా ఐదింటిని కదపకండి. తర్వాత ఆ ఒక్క చోట దాని పోటీదారుని పెట్టి ఇంకో 30 ఆడండి. గెలుపోటములతో పాటు ఒక్కో మ్యాచ్‌కి మూడు ముక్కలు రాసుకోండి: దాన్ని నాలుగింట్లోకి తీసుకున్నారా, అప్పగించిన పని కనీసం ఒకసారి చేసిందా, ఎవరి చేతిలో పడిపోయింది. మూడో గడిలో ఒకే పేరు పదిసార్లు కనిపిస్తే తప్పు పోకెమాన్‌ది కాకపోవచ్చు, ఆ ఒక్కడికి జవాబు టీమ్‌లో వేరే చోట లేకపోవడం కావచ్చు. మొదటి గడిలో 30కి ఐదారుసార్లే "అవును" ఉంటే మాత్రం, అది ఎంత ఇష్టమైనదైనా ఆ చోటు ఖాళీ చేయించాల్సిందే.