సెరాడో పొలాలకు చుట్టాలొస్తే

పిల్లలూ,

బ్రెజిల్ అనగానే మీరంతా అమెజాన్ అడవి అంటారు. దాని పక్కనే సెరాడో ఉంది, దాన్నెవరూ తలచుకోరు. దాదాపు 20 లక్షల చదరపు కిలోమీటర్ల సవన్నా అది. గడ్డి, మందపాటి బెరడున్న వంకర టింకర చెట్లు. చూడ్డానికి ఉత్త బీడులాగే ఉంటుంది. సంగతంతా నేల కింద ఉంది. ఆ చెట్ల వేర్లు చాలా లోతుకు దిగి నీళ్లు అందుకుంటాయి. సావో ఫ్రాన్సిస్కో, టొకాంటిన్స్ లాంటి పెద్ద నదులు పుట్టేది ఈ బీడులోనే.

అక్కడి మట్టి పులుపు, పైగా అల్యూమినియం ఎక్కువ. పంటకు పనికిరాదని చాలాకాలం వదిలేశారు. 1973లో మొదలైన ఎంబ్రాపా అనే ప్రభుత్వ పరిశోధన సంస్థ, సున్నం వేసి ఆ నేలను సాగులోకి తెచ్చే పద్ధతులను రైతులకు అందించింది. ఆ వెనకే సోయా వచ్చింది. ఇప్పటికి సహజమైన సెరాడోలో సగం దాకా పోయింది. 2012 అటవీ చట్టం చూడండి: అమెజాన్ అడవిలో భూమి ఉన్నవాడు 80 శాతం అడవి ఉంచాలి, సెరాడోలో చాలాచోట్ల 20 శాతం ఉంచితే చాలు. మిగతాది నిలబడాలంటే రైతుకు దానిమీద నాలుగు డబ్బులు రావాలి.

కొందరు చిన్న రైతులు పెకీ (పండ్లు తింటారు), బరూ (గింజలు తింటారు) అనే అక్కడి చెట్లను కొట్టకుండా వాటి మధ్యే కర్రపెండలం, మొక్కజొన్న, కంది వేస్తారు. కంది గాలిలోని నత్రజనిని నేలకు చేరుస్తుంది. దాని కొమ్మలు నరికి మొక్కల మొదళ్లలో పరిస్తే ఎండాకాలంలో తడి ఆరదు.

ఇలాంటి పొలాలకు పట్నంవాళ్లు వచ్చి, రెండు రోజులుండి, అక్కడి వంట తిని వెళ్తున్నారు. పెకీ తినడం వాళ్లకు నేర్పాల్సిందే. పసుపుపచ్చని గుజ్జును మునిపళ్లతో గీరుకోవాలి, కొరికారో అంతే! లోపల సన్నటి ముళ్లుంటాయి, నాలుకలో దిగితే ఒక పట్టాన రావు. బరూ గింజలు వేయించి పెడితే మాత్రం ఏ టెన్షనూ లేదు. దళారీ లేకుండా ఈ చుట్టాలిచ్చే డబ్బు నేరుగా రైతు ఇంటికొస్తుంది, చెట్టు కొట్టాలన్న తొందరా తగ్గుతుంది. కాకపోతే సేద్యం ఆగిపోయి గదుల అద్దె మీదే బతికే చోటును పొలం అనడానికి నాకు మనసొప్పదు.

చుట్టాలు ఎక్కువైనా చిక్కే. సెరాడోలోనే ఉన్న జలపావ్ ప్రాంతంలో బంగారు రంగు గడ్డితో బుట్టలు, గాజులు అల్లుతారు. గిరాకీ పెరిగి, గింజ ముదరకముందే గడ్డి పీకేయడం మొదలైంది. అందుకే టొకాంటిన్స్ రాష్ట్రంలో సెప్టెంబర్ 20 దాకా కోయకూడదని నిబంధన పెట్టారు. కోశాక కూడా పూల తలలు తుంచి అక్కడే చల్లి రావాలి.

ఇట్లు,
మీ తాతయ్య