పెరుగు తోడుకునేలోపు

రాత్రి పాలలో తోడు వేశాక గిన్నె ముందు ఎవరూ కాపలా కూర్చోరు. నేను రాసిన ఒక ప్రోగ్రాం మాత్రం అచ్చంగా అలాగే కూర్చుంది. పైథాన్‌లో చిన్న బాట్ అది. అవతలి సర్వర్ బదులివ్వకపోతే 5 సెకన్లు ఆగి మళ్లీ అడగాలి. ఆగడానికి టైమ్.స్లీప్ వాడాను. ఒకరి కోసం అది ఆగినప్పుడల్లా మిగతా అందరికీ బాట్ మూగబోయేది. తప్పు పట్టుకోవడానికి ఓ సాయంత్రం పట్టింది. దిద్దింది ఒక్క లైను.

టైమ్.స్లీప్ థ్రెడ్‌నే, అంటే ప్రోగ్రాం ఆదేశాలను వరుసగా నడిపే దారాన్నే, పడుకోబెడుతుంది. నా బాట్ లాంటి అసింక్ ప్రోగ్రాంలో (ఒక పని ఆగితే ఇంకోటి నడిచేలా రాసినది) మామూలుగా పనులన్నిటికీ దిక్కు ఆ ఒక్క థ్రెడ్డే. దానికి బదులు, ఇది అయ్యేదాకా ఈ పని ఆగాలని చెప్పే అవెయిట్ పెట్టి, పైథాన్ అసింక్ లైబ్రరీలోని అసింక్‌ఐఓ.స్లీప్ అంటే కథ వేరు. (అవెయిట్ మరిచిపోతే అసలు ఆగనే ఆగదు, అదో తంటా.) పేరులో స్లీప్ ఉంది గానీ అక్కడ థ్రెడ్‌కి నిద్ర లేదు. నన్నడిగితే ఆ పేరే తప్పు. ఆ పని తానెక్కడ ఆగిందో గుర్తుపెట్టుకుని పక్కకు తప్పుకుంటుంది. దాన్ని ఎప్పుడు లేపాలో ఈవెంట్ లూప్, అంటే ఏ పని ఎప్పుడు నడవాలో చూసే భాగం, తన చిట్టాలో రాసుకుంటుంది. ఆ చిట్టా హీప్ రూపంలో, అంటే అతి చిన్నది పైన ఉండే అమరికలో, ఉంటుంది కాబట్టి అన్నిటికంటే ముందు లేవాల్సినది ఎప్పుడూ పైనే దొరుకుతుంది. ఇక లూప్ మిగతా పనులు చూసుకుంటుంది. ఏ పనీ లేకపోతే ఆపరేటింగ్ సిస్టంతో, లినక్స్‌లో అయితే ఈపోల్ అనే సదుపాయం ద్వారా, ఒక మాట చెప్పి ఆగుతుంది: నెట్‌వర్క్‌లో ఏదైనా వస్తే లేపు, రాకపోతే ఆ మొదటి గడువుకు లేపు. సమయం లెక్క మోనోటోనిక్ క్లాక్‌ది. అది వెనక్కి తిరగదు కాబట్టి ఎవరైనా సిస్టం టైం మార్చినా గడువు చెడదు.

ఒక్కోటి సెకను చొప్పున ఆగే 1000 పనులు ఒకేసారి మొదలుపెట్టి చూడండి. టైమ్.స్లీప్‌తో 1000 సెకన్లు, అంటే 16 నిమిషాల 40 సెకన్లు. అసింక్‌ఐఓతో సెకనుకు కాస్త ఎక్కువ, అంతే.

అయితే ఈ గడువుకు అర్థం "అంతకు ముందు లేపను" అనే తప్ప "సరిగ్గా అప్పుడే లేపుతాను" అని కాదు. ఈలోగా ఇంకో పని పెద్ద లెక్కలో మునిగిపోతే, సెకను అడిగినది 3 సెకన్లకు లేవొచ్చు.

జావాస్క్రిప్ట్‌లో, ఇంతసేపటి తర్వాత ఈ పని చెయ్యి అని చెప్పే సెట్‌టైమౌట్‌దీ ఇదే తీరు. బ్రౌజర్‌లో టైమర్ లోపల టైమర్ పెడుతూ 5 అంచెలు దాటితే, 0 అని రాసినా కనీసం 4 మిల్లీసెకన్లు ఆపుతుంది. పై హద్దు ఇంకా విచిత్రం. గడువును 32 బిట్ల సంఖ్యగా దాచడం వల్ల 2,14,74,83,647 మిల్లీసెకన్లకు, అంటే సుమారు 24.8 రోజులకు మించి అందులో పట్టదు. 30 రోజుల తర్వాత గుర్తుచేయమని రాస్తే ఆ క్షణమే గుర్తుచేసేస్తుంది.