లండన్‌కి నలభై నిమిషాలేనా?

ఫ్రాంక్‌ఫర్ట్ నుంచి
పిల్లలూ,

నా టికెట్టు చూసి మీరిద్దరూ పోట్లాడుకున్నారని మీ అమ్మ చెప్పింది. తాతయ్య లండన్‌కి నలభై నిమిషాల్లో వెళ్ళి, తిరిగి రావడానికి మాత్రం రెండున్నర గంటలు తీసుకున్నాడేమిటని కదా? మంచి అనుమానమే. ఫోన్‌లో చెబితే సగం వింటారని ఉత్తరం రాస్తున్నా.

టికెట్టు మీద ఏ ఊరి టైము ఆ ఊరిదే. ఉదయం 9:00కి ఇక్కడ బయలుదేరి 9:40కి లండన్‌లోని హీత్రూ విమానాశ్రయం చేరాను. అప్పుడు ఇక్కడ ఫ్రాంక్‌ఫర్ట్‌లో మీ అత్తవాళ్ళింట్లో గడియారం 10:40 చూపిస్తోంది. అంటే గంటా నలభై నిమిషాలు. సాయంత్రం 5:00కి అక్కడ ఎక్కి 7:35కి ఇక్కడ దిగాను. అందులో గంట తీసేయండి, సరిపోతుంది.

ఇంకో విచిత్రం. భూమి గంటకు 15 డిగ్రీలు తిరుగుతుంది, డిగ్రీకి 4 నిమిషాలు. ఈ రెండు విమానాశ్రయాల మధ్య తూర్పు పడమరలుగా తేడా 9 డిగ్రీలే. సూర్యుడి లెక్కన 36 నిమిషాలు. కానీ జర్మనీ అంతటికీ ఒకే టైము, బ్రిటన్ అంతటికీ ఒకే టైము కాబట్టి గడియారాల్లో నిండు గంట తేడా వచ్చింది.

ఇక దూరం. తిన్నగా గీత గీస్తే సుమారు 655 కిలోమీటర్లు, మన హైదరాబాద్ నుంచి ముంబై అంత. పైన విమానం గంటకు 800 కిలోమీటర్లకు పైగానే పోతుంది. మరి యాభై నిమిషాల్లో చేరాలిగా? చేరదు. చక్రాల దగ్గర పెట్టిన దిమ్మలు తీసినప్పటి నుంచి, అవతల మళ్ళీ దిమ్మలు పెట్టేదాకా ప్రయాణమే. దాన్ని బ్లాక్ టైమ్ అంటారు. నేల మీద నడిచేది, పైకెక్కేది, మెల్లగా దిగేది, అన్నీ అందులోనే.

హీత్రూకి ఉన్నవి రెండే రన్‌వేలు. రద్దీగా ఉంటే విమానాల్ని ఊరి చుట్టుపక్కల నాలుగు చోట్ల, ఒకదాని పైన ఒకటిగా, గుండ్రంగా తిప్పుతూ ఆపుతారు. మాదీ తిరిగింది. నా ఒళ్ళో పడిన ఎండ మెల్లగా జరుగుతూ పక్క వరుసలోకి వెళ్ళి, కాసేపటికి మళ్ళీ నా చేతి మీదికి వచ్చింది. మేం తిరుగుతున్నామని నాకు తెలిసింది దాన్ని చూసే!

తిరుగు ప్రయాణం అయిదు నిమిషాలు తక్కువ, గమనించారా? యూరప్ మీద అంత ఎత్తున గాలి ఎక్కువగా పడమటి నుంచి తూర్పుకి వీస్తుంది. వెళ్ళేటప్పుడు ఎదురుగాలి, వచ్చేటప్పుడు వెనక నుంచి తోసే గాలి. చలికాలంలో ఇంకా జోరు.

ఇక్కడ మేం దిగింది 2011లో తెరిచిన వాయవ్యం వైపు రన్‌వే మీద. అది టెర్మినల్‌కి చాలా దూరం. మధ్యలో పెద్ద హైవే ఉంది. విమానం వంతెనెక్కి ఆ హైవేని దాటుతుంది! కిటికీలోంచి చూస్తే మా రెక్క కిందుగా లారీల దీపాలు బారులు బారులుగా పోతున్నాయి. మీరు పక్కనుంటే ఎంత బాగుండేదో అనిపించింది.

వేసవి సెలవులకు వచ్చినప్పుడు అందరం లండన్‌లో మీ బాబాయి దగ్గరికి వెళ్దాం. వెళ్ళేటప్పుడు ఒకరికి కిటికీ సీటు, వచ్చేటప్పుడు ఇంకొకరికి. వంతెన కనిపిస్తే వచ్చేటప్పుడే కనిపిస్తుంది. ఎవరికి ఏదో ఇప్పుడే తేల్చుకోండి.

మీ
తాతయ్య