రాత్రి షిఫ్టుకు ముందు అడగాల్సిన ప్రశ్న: పిల్లలెవరి దగ్గర?

ఫ్యాక్టరీల్లో రోజు పనిగంటల్ని తొమ్మిది నుంచి పదికి పెంచాలనీ, ఆడవాళ్లను రాత్రి షిఫ్టుకు అనుమతించాలనీ 2025 జూన్‌లో ఆంధ్రప్రదేశ్ మంత్రివర్గం నిర్ణయించింది. రవాణా, భద్రత గురించి చర్చ జరిగింది. విశాఖ దగ్గర దువ్వాడ సెజ్ (ప్రత్యేక ఆర్థిక మండలి)లోనో అచ్యుతాపురం బట్టల ఫ్యాక్టరీలోనో పనిచేసే తల్లికి వాటికంటే ముందు తట్టే ప్రశ్న వేరు: పిల్లల్ని ఎవరు చూస్తారు?

ఈ ప్రశ్నకు విశాఖ ఇన్నాళ్లూ జవాబు వెతక్కుండానే పెరిగింది. 1933లో పోర్టు, 1941లో షిప్‌యార్డు, 1957లో రిఫైనరీ, ఆ తర్వాత ఉక్కు ఫ్యాక్టరీ వచ్చాయి. అన్నీ ప్రధానంగా మగవాళ్ల కొలువులే. రాత్రి ఏడు నుంచి ఉదయం ఆరు దాకా ఆడవాళ్లతో పని చేయించకూడదని 1948 ఫ్యాక్టరీల చట్టమే చెప్పింది. మూడు షిఫ్టుల ఉక్కునగరం క్వార్టర్స్‌లో ఒక మగవాడి డ్యూటీ వెనుక ఒక ఇల్లాలు రోజంతా ఇంట్లో ఉంటుందన్నది ఎవరూ కాగితం మీద పెట్టని ఏర్పాటు. రాత్రి నడిచే సి షిఫ్టు దిగి వచ్చి పడుకున్న భర్త నిద్ర చెడకుండా పిల్లల్ని బయట ఆడించేదీ ఆమే.

అదే చట్టం యాభై మందికి మించి మహిళలున్న ఫ్యాక్టరీలో ఆరేళ్లలోపు పిల్లలకు క్రెచ్, అంటే పని వేళల్లో పిల్లల్ని చూసుకునే చోటు, ఉండాలంది. 1976లో ఆ సంఖ్యను ముప్పైకి దించారు. ఉద్దేశం మంచిదే గానీ లెక్కలోకి వచ్చింది ఆడవాళ్లు మాత్రమే. తండ్రులకూ పిల్లలుంటారన్న ఊహే అందులో లేదు. 2017లో ప్రసూతి చట్టాన్ని సవరించినప్పుడు గానీ ఆడామగా కలిపి యాభై మంది ఉద్యోగులన్న లెక్క రాలేదు. సెలవు 12 వారాల నుంచి 26కు పెరిగిందీ, తల్లి రోజుకు నాలుగుసార్లు క్రెచ్‌కు వెళ్లి బిడ్డను చూసుకోవచ్చన్నదీ అప్పుడే.

ఇళ్లలో పనిచేసేవాళ్లకు, హార్బర్‌లో చేపలమ్ముకునేవాళ్లకు ఇవేవీ వర్తించవు. వాళ్లకున్నది 1975లో మొదలైన ఐసీడీఎస్ (సమగ్ర శిశు అభివృద్ధి పథకం) అంగన్‌వాడీ. అక్కడ ఆటపాటలు, చదువు మూడేళ్లు నిండిన పిల్లలకే. చేపల వేలానికి తెల్లవారకముందే బయల్దేరే తల్లికి ఆ వేళకు తెరిచిన కేంద్రం ఉండదు. 2023 డిసెంబర్ నుంచి అంగన్‌వాడీ అక్కలు జీతాల కోసం 42 రోజులు సమ్మె చేసినప్పుడు ఆ కాస్త ఆసరా కూడా లేకుండా పోయింది. వాళ్లడిగింది న్యాయమే. పిల్లల్ని సాకే పనికి మనం కట్టే విలువ ఎంత తక్కువో ఆ సమ్మె చూపించింది.

మరి ఇంతకాలం నెట్టుకొచ్చిందెవరు? శ్రీకాకుళం, విజయనగరం పల్లెల నుంచి వచ్చిన అమ్మమ్మలూ నాయనమ్మలూ. పురుడు పొయ్యడానికి వచ్చి, బిడ్డ బడికెళ్లేదాకా గాజువాకలోనో మధురవాడలోనో ఉండిపోతారు. ఊళ్లో ముసలాయన ఒక్కడే వండుకుంటాడు. కోతలప్పుడు ఆవిడ ఊరెళ్తే ఇక్కడ కోడలు సెలవు పెట్టాలి. విశాఖ ఉద్యోగాల బరువులో సగం ఈ ముసలివాళ్ల మోకాళ్ల మీదే ఉందని నా నమ్మకం.

ప్రసూతి సెలవు అయిపోయేసరికి బిడ్డకు ఆరు నెలలైనా నిండవు. అంగన్‌వాడీ బడికి మూడేళ్లు రావాలి. ఈ మధ్యలో రెండున్నరేళ్లు బిడ్డ బాధ్యత ఇంటిదే. ఆరు నెలల పిల్లల్ని కూడా తీసుకునేలా అంగన్‌వాడీలకే క్రెచ్ కలిపే పాల్నా పథకాన్ని కేంద్రం మిషన్ శక్తి కింద తెచ్చింది. గాజువాక, దువ్వాడ, అచ్యుతాపురాల్లో అలాంటివి ముందు తెరవాలి, అదీ ఎ షిఫ్టు మొదలయ్యే ఉదయం ఆరు గంటలకు ముందే. రాత్రి షిఫ్టు మాట ఆ తర్వాత.