ఆటిజం పిల్లలు, నలుగురిలో కలవడం: అపోహలు - వాస్తవాలు

గుంటూరు బ్రాడీపేటలో ఆటిజం (మాట్లాడే, మెలిగే తీరు వేరుగా ఉండేలా మెదడు ఎదుగుదలలో ఉండే తేడా) ఉన్న పిల్లలకు నలుగురితో మెలగడం నేర్పుతుంటాను. మొదటిరోజు తల్లిదండ్రులు చాలామంది ఒకటే అడుగుతారు: "మేడమ్, మావాడు కళ్లలోకి చూసి మాట్లాడితే చాలు."

అపోహ: కళ్లలోకి చూడట్లేదంటే వినట్లేదనే.

వాస్తవం: ఎదుటివారి కళ్లలోకి చూడటం వీళ్లలో చాలామందికి ఇబ్బంది. ఓపికంతా దానికే పోతే మాట చెవికెక్కదు. గడ్డం పట్టుకుని తిప్పకండి. నేను పక్కన కూర్చుని మాట్లాడతాను. గోడవైపు చూస్తూనే సరైన జవాబు చెబుతారు.

అపోహ: వీళ్లకు స్నేహితులు అక్కర్లేదు.

వాస్తవం: కావాలి. దగ్గరయ్యే తీరే వేరు. నా దగ్గరకొచ్చే 7 ఏళ్ల బాబుకు బ్రాడీపేట లైన్లూ (నంబర్లతో పిలిచే వీధులు) అడ్డరోడ్లూ అంటే ప్రాణం. కనపడినవాళ్లందరినీ "మీది ఎన్నో లైను?" అని అడుగుతాడు, జవాబు రాగానే వెళ్లిపోతాడు. ఆ ప్రశ్న మాన్పించమన్నారు ఇంట్లోవాళ్లు. నేను మాన్పించలేదు. అది వాడి పలకరింపు. దానికి "మాది 4వ లైను" అన్న మాట కలిపి, కార్డు మీద రాసిచ్చాను. మూడు వారాలు కార్డు చూసే చదివాడు. ఒకరోజు పక్కనున్న పాపకు చూడకుండానే చెప్పేశాడు. "మాదీ అదే!" అందా పాప. ఇద్దరూ కాగితం మీద లైన్లు గీస్తూ పావుగంట కూర్చున్నారు.

అపోహ: క్లాసులో వచ్చేసింది, ఇక బయట కూడా వస్తుంది.

వాస్తవం: ఒకచోట వచ్చింది ఇంకోచోట రాకపోవడం ఆటిజంలో మామూలే. నా టేబుల్ దగ్గర "అంకుల్, పెన్సిల్ ఇవ్వండి" అని గడగడా చెప్పే పిల్ల కొట్టు ముందు నోరు విప్పదు. అందుకే కొట్టుకే తీసుకెళ్లాలి. రద్దీ లేని మధ్యాహ్నం, ఒకే వస్తువు, సరిపడా చిల్లర. వెళ్లేముందు అక్కడ ఏం జరుగుతుందో బొమ్మలతో నాలుగు వాక్యాల్లో చెప్పాలి. ఇలాంటి "సోషల్ స్టోరీ"లను 1990ల మొదట్లో కారోల్ గ్రే అనే అమెరికా టీచరు మొదలుపెట్టారు. పెళ్లిళ్ల హడావుడిలో వదిలేస్తే అదే అలవాటవుతుందనుకోవద్దు.

అపోహ: తల్లి పట్టించుకోకే ఇలా అయ్యాడు.

వాస్తవం: కాదు. ఇది పెంపకం వల్ల రాదు. ఈ మాట ఇంట్లో పెద్దవాళ్లకు కూడా చెప్పండి.

అపోహ: నేర్చుకోవాల్సింది ఆటిజం ఉన్న పిల్లలే.

వాస్తవం: అర్థంకాకపోవడం రెండువైపులా ఉంటుందని 2012లో బ్రిటన్ పరిశోధకుడు డేమియన్ మిల్టన్ రాశారు. ఆయన కూడా ఆటిస్టిక్ వ్యక్తే. అందుకే అపార్ట్‌మెంట్ పిల్లలకు నేను చెప్పేది ఒకటే: వీళ్లను ఆటకు పిలిచాక, జవాబు కోసం పది లెక్కపెట్టేదాకా ఆగండి. మొన్న వాళ్లలో ఒక పిల్లాడు, బంతి వేయమని మా బాబును పిలిచి, వేళ్లు మడుస్తూ లెక్కపెడుతున్నాడు. ఎనిమిది అనేసరికి బంతి వాడి చేతుల్లోకి వచ్చింది.