అగరుబత్తి, సాంబ్రాణి: సువాసనతో పాటు వచ్చే పొగ

అగరుబత్తి వెలిగించిన వెంటనే మంటను ఆర్పేస్తాం. ఆ తర్వాత కొసన ఎర్రటి నిప్పు నిదానంగా కిందికి దిగుతుంది, పొగ పుట్టేది అక్కడే. మంట లేకుండా, తక్కువ వేడిలో కాలే పదార్థం పూర్తిగా దహనం కాదు కనుక, పుల్లకు పట్టించిన బొగ్గుపొడి, రంపపు పొట్టు, జిగురు కోసం కలిపే బెరడు పొడి, సువాసన తైలాలు సగం కాలి కార్బన్ మోనాక్సైడు, బెంజీన్, ఫార్మాల్డిహైడ్ వంటి వాయువులుగానూ, ఊపిరితిత్తుల లోతుల దాకా చేరగల సన్నని ధూళిగానూ గాలిలో కలుస్తాయి. పెట్టె మీద ‘సహజం’ అని రాసి ఉన్నంత మాత్రాన ఇది మారదు. అసలైన గంధపు పొడి అయినా అలాగే పొగ విడుస్తుంది.

గ్రాము అగరుబత్తి కాలితే సగటున 45 మిల్లీగ్రాములకు పైగా ధూళి వెలువడుతుందనీ, గ్రాము సిగరెట్టుకు అది 10 మిల్లీగ్రాములేననీ కొలతలు చెబుతున్నాయి. అలాగని రెండింటి హానీ సమానమనుకోరాదు. సిగరెట్టు పొగను నేరుగా లోపలికి పీలుస్తారు, ఇది గదిలో పలచబడుతుంది. ఎంత పలచబడుతుందన్నది మాత్రం గది చేతిలో ఉంది, అపార్ట్‌మెంట్లలో పూజగదికి చాలాసార్లు కిటికీయే ఉండదు.

సింగపూర్‌లో 61 వేల మందికి పైగా చైనా సంతతివారిని ఏళ్ల తరబడి గమనించి 2008లో వెలువరించిన అధ్యయనంలో, దీర్ఘకాలం ఇంట్లో అగరుబత్తులు వాడినవారికి పై శ్వాసమార్గంలో కొన్ని రకాల క్యాన్సర్లు ఎక్కువగా కనిపించాయి. ఊపిరితిత్తుల క్యాన్సర్ మొత్తంగా పెరగలేదు గాని, శ్వాసమార్గం అంతటినీ కలిపి చూస్తే స్క్వామస్ రకం (లోపలి పొరలోని పలుచని కణాల్లో పుట్టే) క్యాన్సర్లు పెరిగాయి. రోజుకొక పుల్ల వెలిగించే ఇంటికి ఈ ఫలితాన్ని యథాతథంగా అన్వయించడం సబబు కాదు.

నన్ను ఎక్కువగా కలవరపెట్టేది బాలింత గది. పచ్చి బాలింతకు చలిగాలి తగలకూడదని తలుపులు మూసి, తలంటిన పసిబిడ్డను కాళ్ల మీద పడుకోబెట్టుకుని, కణకణలాడే నిప్పుల మీద సాంబ్రాణి చల్లి, బిడ్డ జుట్టుకు ఆ పొగ పడతారు. పెద్దవాళ్లు నిమిషానికి 12 నుంచి 20 సార్లు ఊపిరి తీసుకుంటే నెలల పాప 30 నుంచి 60 సార్లు తీసుకుంటుంది. ఆ ముక్కు నిప్పుల పళ్లేనికి మూరెడు దూరంలోనే ఉంటుంది. తల ఆరడానికి మెత్తటి పొడిబట్ట చాలు. ధూపం వేయక తప్పదనుకుంటే, బిడ్డను వేరే గదిలో ఉంచి, పొగ పోయేదాకా కిటికీలు తీసి, నిప్పులను బయట పెట్టాలి. సాంబ్రాణి వాసన తగ్గాక కూడా బొగ్గులు కార్బన్ మోనాక్సైడును వదులుతూనే ఉంటాయి, దానికి రంగూ వాసనా లేవు.